పిల్లలు మందు జోలికి వెళ్లకుండా: ఇంట్లో ఏ పని ముందు, ఏది తర్వాత

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం, డిసెంబర్ 31 దాటిన వారం, దసరా సెలవులకు హాస్టల్ పిల్లలు ఇంటికొచ్చిన వారం. ఏడాదిలో ఈ మూడుసార్లు నాకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి అమ్మానాన్నలు చనువుగా అడుగుతారు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "మావాడి దగ్గర వాసనొచ్చింది సార్, ఇప్పుడేం చేయాలి?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పినవన్నీ ఇక్కడ వరుసలో పెడుతున్నాను. చాలామంది ఆఖరుకి కూడా చేయకూడని పనులు మొట్టమొదట చేసేస్తారు. కొడతారు, చుట్టాలందరికీ చెబుతారు, చదువు మాన్పిస్తామంటారు. దాంతో పిల్లవాడు మందు మానడు, ఇంట్లో నిజం చెప్పడం మానేస్తాడు. నిజం చెప్పే దారి తెరిచి ఉంటే మిగతావన్నీ సర్దుకోవచ్చు. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ దారి మూసుకుపోకుండా ఉండటం కోసమే.

పిల్లవాడు అన్నచోటల్లా ఆడపిల్లల్ని కూడా కలుపుకుని చదవండి. వాళ్ల సంగతి ఇంట్లో తెలిసేసరికి ఇంకా ఆలస్యమవుతుంది.

1. ముందు మీకు తెలిసుండాల్సిన లెక్కలు

పిల్లలతో మాట్లాడే ముందు మీ లెక్క సరిగా ఉండాలి. తప్పు లెక్క చెబితే ఫోన్లో వెతికి రెండు నిమిషాల్లో పట్టేస్తారు. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా వినరు.

వయసు: ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. 18 నిండితే చాలనుకునే పెద్దవాళ్లే చాలామంది ఉన్నారు.

బీరు: "బీరే కదా, మందు కాదుగా" అన్నది పిల్లలకు పెద్దవాళ్ల నుంచే అంటిన మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 8 శాతం ఆల్కహాల్ ఉంటే, లోపలికి వెళ్లేది దాదాపు 40 గ్రాములు. విస్కీ 'నైంటీ'లో, అంటే 90 మిల్లీలీటర్లలో, ఉండేది దాదాపు 30 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు తాగినవాడు నైంటీ వేసినవాడి కంటే ఎక్కువే తాగాడు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. మా క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమైపోతాయి.

మెదడు: తొందరపాటును ఆపి, ముందువెనకలు ఆలోచింపజేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు వస్తాయి. 1997లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 14 ఏళ్లకో అంతకంటే ముందో తాగడం మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో మద్యానికి బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతం దగ్గరుంది. ఎన్నేళ్లు వెనక్కి నెట్టగలిగితే అన్నేళ్లు లాభమే.

"అందరూ తాగుతున్నారు": కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మద్యం తాగేవాళ్లు 1.3 శాతం. పదేళ్ల పిల్లల్ని కూడా కలిపిన లెక్క కాబట్టి ఇంటర్ వయసులో ఇంకొంత ఎక్కువే ఉంటుంది. అయినా 'అందరూ' కాదు. తాగని పిల్లలే ఎక్కువమంది, కాకపోతే వాళ్లు ఫొటోలు పెట్టరు.

2. మొదటి చుక్క ఎక్కడ దొరుకుతుందో వెతకండి

ప్రతి తల్లీ తండ్రీ "ఫ్రెండ్స్ చెడగొట్టారు" అంటారు. కొంత నిజమే. కానీ నాతో మనసు విప్పి మాట్లాడిన పిల్లల్లో చాలామంది మొదటిసారి రుచి చూసింది చుట్టాల మధ్యే. పెళ్లి బరాత్‌లో బాబాయి కూల్‌డ్రింక్‌లో కలిపి ఇచ్చాడు. దావత్‌లో "మగపిల్లాడివి, ఒక గుక్క వెయ్యరా" అన్నారు. ఊళ్లో తాత కల్లు ముంత అందించాడు. నాన్న సిట్టింగ్ అయ్యాక సీసా అడుగున మిగిలింది.

ఇంకొకటుంది. "వెళ్లి క్వార్టర్ తేరా" అని పిల్లవాణ్ణి బెల్టు షాపుకి పంపడం. ఏడో తరగతిలో నాన్న కోసం తెచ్చినవాడికి పదో తరగతిలో తనకోసం అడగడానికి బెరుకుండదు. షాపువాడికి మొహం తెలుసు, బ్రాండ్ల పేర్లు వీడికి తెలుసు. ఇక అడ్డేముంది?

ఎక్కడ అన్నది తేలాక, ఎందుకు అన్నది చూడండి. ఇందులో తేడా పట్టుకోకపోతే మందు ఒకటైతే జబ్బు ఇంకొకటవుతుంది.

గుంపుతో తాగేవాడు కలిసిపోవడం కోసం తాగుతాడు. పుట్టినరోజు పార్టీ, ఫ్రెషర్స్, ఫేర్‌వెల్, మ్యాచ్ గెలిచిన రోజు. వీడికి కావలసింది నలుగురిలో చిన్నబోకుండా 'వద్దు' అని తప్పుకునే నేర్పు.

ఒంటరిగా తాగేవాడు దేన్నో మరిచిపోవడానికి తాగుతాడు. తప్పిన సబ్జెక్టులు, ప్రేమ చెడిపోవడం, ర్యాగింగ్, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో రోజూ గొడవ. వీడికి మందు గురించి ఎన్ని నీతులు చెప్పినా దండగ. ముందు ఆ బాధ సంగతి చూడాలి. నలుగురితో కలిసి తాగేవాడి కంటే ఒక్కడే గదిలో తాగేవాడి గురించి నాకు భయమెక్కువ.

తండ్రి తాగుతాడు కాబట్టి తాగేవాడు మూడో రకం. ఇక్కడ రక్తసంబంధం కూడా పనిచేస్తుంది. మద్యానికి బానిసయ్యే గుణంలో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేదేనని పరిశోధనలు చెబుతున్నాయి. మీ ఇంట్లో తాతకో, మేనమామకో, మీకో ఆ సమస్య ఉంటే షుగర్ గురించి చెప్పినట్టే పిల్లలకు చెప్పండి: "మన ఇంట్లో ఇది తొందరగా పట్టుకుంటుంది నాన్నా, నువ్వు మిగతావాళ్ల కంటే జాగ్రత్తగా ఉండాలి." దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

3. మాట్లాడే ముందు ఒక వారం ఇల్లు సర్దండి

ఇల్లు సర్దకుండా మొదలుపెట్టే మాట మొదటి నిమిషంలోనే ఓడిపోతుంది. "మరి నాన్న?" అంటాడు. మీ దగ్గర జవాబుండదు.

ఈ వారం చేయాల్సినవి:

☐ ఇంట్లో ఉన్న సీసాలన్నీ లెక్కపెట్టి తాళం వేయండి, లేదా తీసేయండి. ఫ్రిజ్‌లో బీరు ఉండకూడదు.
☐ పిల్లల చేత మందు, సోడా, మంచింగ్, ఆఖరికి గ్లాసులు కూడా తెప్పించకండి.
☐ తాగే అలవాటున్న పెద్దవాళ్లు పిల్లల ముందు తాగడం ఈ వారం నుంచే ఆపాలి.
☐ "టెన్షన్‌గా ఉంది, ఒకటి వేస్తే గానీ కుదరదు" అనే మాట ఇంట్లో వినపడకూడదు. బాధకు మందే విరుగుడని పిల్లలు నేర్చుకునేది ఈ మాట దగ్గరే.
☐ బాబాయిలకు, మామయ్యలకు, తాతగారికి ముందే గట్టిగా చెప్పండి: సరదాకైనా పోయొద్దు.

ఆఖరిది కష్టం. "ఒక గుక్కకేమవుతుందమ్మా" అంటారు. అప్పుడు చట్టం చెప్పండి. 18 ఏళ్లు నిండని పిల్లలకు మద్యం ఇవ్వడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద నేరం. ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ఇది షాపువాడికే కాదు, ముంత అందించిన తాతకూ వర్తిస్తుంది. కేసు పెట్టమని చెప్పడం లేదు. ఒక కోడలు ఈ మాట మెల్లగా అనగానే ఆ ఇంట్లో కల్లు ముంత వెనక్కి వెళ్లిందని తెలుసు కాబట్టి చెబుతున్నాను.

4. మొదటి మాట

ఎప్పుడు? ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. ఏమీ జరగకముందే. ఇప్పటికే ఇంటర్‌లో ఉంటే ఈ ఆదివారం.

ఎక్కడ? ఎదురెదురుగా కూర్చోబెట్టి కాదు. అది విచారణలా ఉంటుంది. బండి మీద వెళ్తున్నప్పుడో, పొలం గట్టున నడుస్తున్నప్పుడో, వంటింట్లో బీన్స్ తుంచుతున్నప్పుడో. చూపులు కలవనక్కర్లేనిచోట పిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

ఎలా? ప్రశ్నతో మొదలుపెట్టండి. "మీ క్లాసులో ఎవరైనా తాగుతున్నారా నాన్నా?" ఇందులో వాడి మీద నింద లేదు. ఏదైనా పేరు చెబితే ఆ పిల్లవాడి ఇంటికి వెంటనే ఫోన్ చేయకండి. చేశారా, ఇక మీకు ఏ పేరూ రాదు. "అలాంటప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగి ఊరుకోండి. జవాబు రావడానికి టైమ్ పడుతుంది. మనం ఆగలేక ఉపన్యాసం మొదలెడతాం, అక్కడే చెడుతుంది.

మొత్తం పది నిమిషాలు దాటనివ్వకండి. నెలకో రెండు నెలలకో మళ్లీ ఇంకో పది నిమిషాలు. ఏడాదికొకసారి గంటసేపు క్లాసు పీకడం కంటే ఇది పనిచేస్తుంది.

తప్పించుకునే మాటలు ముందే నేర్పండి. 'వద్దు' అనడం పెద్దవాళ్లకే చేతకాదు, పదహారేళ్లవాడికి ఎలా వస్తుంది? ఇంట్లో నవ్వుకుంటూ రెండుసార్లు అనిపించండి.

☐ "రేపు పొద్దున్నే ప్రాక్టీస్ ఉందిరా, నేను రాను."
☐ "ట్యాబ్లెట్లు వాడుతున్నాను, డాక్టర్ వద్దన్నాడు."
☐ "మా అమ్మ గుమ్మంలోనే వాసన చూస్తుందిరా బాబూ."
☐ "బండి నేనే నడపాలి, నాకు స్ప్రైట్ చాలు." చేతిలో గ్లాసుంటే ఎవరూ పట్టించుకోరు.

మూడోది నిజం చేయండి. అంటే పార్టీ నుంచి వచ్చినప్పుడు మేలుకొని ఉండి, దగ్గరికి పిలిచి, తల నిమిరి అన్నం పెట్టండి. తిట్టకుండానే కాపలా పెట్టినట్టవుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు పోలిక. "పక్కింటి అబ్బాయిని చూడు" అన్న మరుక్షణం మాట ఆగిపోతుంది. రెండోది శాపనార్థం: "నువ్వు తాగావని తెలిసిందో, నేను ఉరేసుకుంటా." అమ్మలు నిజంగా అనే మాటే ఇది. దానివల్ల పిల్లవాడు తాగడం మానడు. ప్రమాదంలో పడ్డ రోజు కూడా మీకు ఫోన్ చేయడు.

5. తక్కువ రూళ్లు, గట్టి రూళ్లు

మూడు చాలు. కాగితం మీద రాసి, ఇద్దరూ ఒప్పుకున్నాక అల్మారాలో పెట్టండి.

ఒకటి, 21 దాటేదాకా మందు లేదు. పండగ, పెళ్లి, జాతర, బీరు, కల్లు, దేనికీ మినహాయింపు లేదు.

రెండు, తాగినవాడి బండి ఎక్కేది లేదు, తాగి బండి నడిపేది లేదు. 18 నిండనివాడి చేతికి బండి ఇస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం తల్లిదండ్రుల్నో బండి యజమానినో పట్టుకుంటుంది: మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మూడోది మీకు మీరు పెట్టుకునే రూలు. "ఎప్పుడైనా, ఎక్కడున్నా, ఏ పరిస్థితిలో ఉన్నా ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకెళ్తాను. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను." ఇది అన్నిటికంటే ముఖ్యమైనది, నిలబెట్టుకోవడం అన్నిటికంటే కష్టమైనది. రాత్రి పదకొండింటికి ఊరి బయట వెంచర్‌లో వాంతి చేసుకుంటున్న కొడుకుని చూసి నోరు మూసుకోవడం ఏ తండ్రికీ తేలిక కాదు. కానీ ఒక్కసారి మాట తప్పితే రెండో ఫోన్ రాదు.

రూలు తప్పితే శిక్ష ముందే తెలిసుండాలి, చిన్నదిగా ఉండాలి, తప్పకుండా జరగాలి. రెండు వారాలు బండి తాళం మీ దగ్గర. రెండు వారాలు సాయంత్రం బయటికి లేదు. అంతే. "ఏడాదిపాటు ఫోన్ బంద్" లాంటివి మూడో రోజే మీరే ఎత్తేస్తారు.

6. డబ్బు, ఖాళీ సాయంత్రాలు

త్వరగా చెప్పేస్తాను. పాకెట్ మనీ నెలకొకసారి కాకుండా వారానికొకసారి ఇవ్వండి. యూపీఐ మీ ఖాతాకే కలిపి ఉంటే లెక్క కనపడుతుంది. కానీ ప్రతి ఇరవై రూపాయలకూ సంజాయిషీ అడగొద్దు. నలుగురు తలా కొంత వేసుకుంటే బీరు వచ్చేస్తుంది కాబట్టి డబ్బు బిగించడం ఒక్కటే పనిచేయదు.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా పిల్లవాడికి వెళ్లడానికి ఒక చోటుండాలి. కబడ్డీ, క్రికెట్, జిమ్, తబలా, కోలాటం, ఎన్‌సీసీ, ఏదైనా సరే. పరీక్షలైపోయి ఫలితాలు రాని వేసవి నెలలు అన్నిటికంటే ఖాళీ, అన్నిటికంటే ప్రమాదం.

7. తోటి తల్లిదండ్రులతో ఒప్పందం

ఒక్క ఇల్లు రూలు పెడితే పిల్లవాడు ఒంటరివాడవుతాడు. ఐదు ఇళ్లు పెడితే అది ఆ గుంపు రూలవుతుంది. ఐస్‌లాండ్‌లో ఇదే పెద్ద ఎత్తున చేశారు. తల్లిదండ్రులు స్కూలు వారీగా ఒప్పందాలు రాసుకున్నారు, రాత్రిళ్లు పిల్లలు బయట తిరగకుండా చూశారు, ఆటలకు డబ్బు పెట్టారు. 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామని చెప్పారు. 2016కి అది 5 శాతానికి తగ్గింది.

మనకు దేశమంతా మారనక్కర్లేదు. మీవాడి దగ్గరి స్నేహితులు నలుగురైదుగురు ఉంటారు. వాళ్ల అమ్మల నంబర్లు తీసుకుని వాట్సాప్ గ్రూపు పెట్టండి. మూడే మాటలు అనుకోండి: పెద్దవాళ్లు లేని ఇంట్లో పార్టీ వద్దు, రాత్రి తొమ్మిదిన్నరకు అందరూ ఇంటికి, ఎవరింట్లోనూ మందు పోయొద్దు. "మీవాడే మావాణ్ణి చెడగొట్టాడు" అన్న మాట ఆ గ్రూపులో రాకూడదు. అది వచ్చిన రోజు గ్రూపు అయిపోయినట్టే.

హాస్టల్లో ఉంటే వార్డెన్‌ని ఒక్కటే అడగండి: ఔటింగ్‌కి ఎవరితో పంపుతారు, తిరిగొచ్చాక ఎవరు చూస్తారు? ఇక పిల్లవాడికి ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు "ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు" అని అడగండి. ఒక్కడే తింటున్నాడంటే వెళ్లి చూసి రండి.

8. తాగి ఇంటికొచ్చిన రాత్రి

ఆ రాత్రి పని ప్రాణం చూసుకోవడం ఒక్కటే. తిట్టడం, కొట్టడం, వీడియో తీయడం ఏవీ వద్దు. మత్తులో ఉన్నవాడికి ఏదీ ఎక్కదు.

☐ ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా వద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
☐ ఒంటరిగా గదిలో వదలొద్దు. తాగడం ఆపాక కూడా రక్తంలో ఆల్కహాల్ కాసేపు పెరుగుతూనే ఉంటుంది.
☐ మజ్జిగ, నిమ్మరసం, కాఫీ మత్తు దింపవు. చన్నీళ్లు పోస్తే ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. గొంతులో వేళ్లు పెట్టి కక్కించొద్దు.
☐ పిలిస్తే, గిల్లితే లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ ఊపిరులు, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్ల ఎడం, పెదాలు నీలంగా మారడం, ఫిట్స్: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి.
☐ నాటుసారా తాగాడని తెలిసి, మర్నాడైనా చూపు మసకబారితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పరువు పోతుందని ఆసుపత్రికి వెళ్లకుండా ఆగొద్దు. డాక్టర్‌కి ఏం తాగాడో, ఎంత తాగాడో, వాటితో మాత్రలేమైనా వేసుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి.

9. మర్నాడు

నిద్ర లేచి, స్నానం చేసి, టిఫిన్ తిన్నాకే మాట్లాడండి. ఇద్దరిలో ఎవరికి వాడు ఎక్కువ దగ్గరో వాళ్లే. నలుగురు చుట్టూ చేరొద్దు.

"నిన్న రాత్రి చాలా భయపడ్డాను కన్నా. ఏం జరిగిందో చెప్పు" అని మొదలుపెట్టండి. చెప్పింది విని, ముందు అనుకున్న శిక్ష అమలు చేసి, అక్కడితో వదిలేయండి. పండక్కి పదిమందిలో గుర్తుచేయొద్దు.

కుదిరితే ఈ ఆరూ మెల్లగా అడగండి. 12 నుంచి 21 ఏళ్ల పిల్లల కోసం డాక్టర్లు వాడే ప్రశ్నలివి.

☐ తాగి నడిపిన బండి ఎక్కావా, నువ్వే తాగి నడిపావా?
☐ మనసు తేలికపడటానికో, నలుగురిలో కలవడానికో తాగుతున్నావా?
☐ ఒక్కడివే ఉన్నప్పుడు తాగావా?
☐ తాగినప్పుడు చేసినవి తర్వాత గుర్తులేకుండా పోయాయా?
☐ తగ్గించమని ఇంట్లోవాళ్లో స్నేహితులో ఎప్పుడైనా అన్నారా?
☐ తాగడం వల్ల ఏదైనా గొడవలో, చిక్కులో పడ్డావా?

రెండిటికి 'అవును' వచ్చినా ఇది ఇంట్లో తేలే విషయం కాదు.

10. బయటి సాయం ఎప్పుడు, ఎలా

ఒక్కడే తాగుతున్నా, పొద్దున్నే తాగుతున్నా, చేతులు వణుకుతున్నా, చనిపోతానన్న మాట ఒక్కసారి అన్నా ఆగకండి. 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే సాయానికి 14446 ఉంది. పెద్దవాళ్లెవరైనా బలవంతంగా తాగిస్తుంటే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లండి. "పిచ్చాసుపత్రికి తెచ్చారు" అని వాడు అనుకోకుండా "నిద్ర, టెన్షన్ గురించి చూపిద్దాం" అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.

రోజూ తాగేవాణ్ణి ఒక్కసారిగా గదిలో పెట్టి మాన్పించొద్దు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు ఆగగానే ఒళ్లు, మనసు అదుపు తప్పుతాయి.

"తెలియకుండా అన్నంలో కలపండి, మందు మానేస్తాడు" అంటూ అమ్మే పొడులు కొనకండి. కొన్నిటిలో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది తిన్నవాడు తెలియక తాగితే గుండె దడ, బీపీ పడిపోవడం, ప్రాణాపాయం. డాక్టర్ ఇచ్చినా ఆ మందు వేసుకునేవాడికి తెలిసే ఇస్తాడు.

డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించే ముందు చూడాల్సినవి:

☐ రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా?
☐ సైకియాట్రిస్ట్ ఎవరు, వారానికి ఎన్నిసార్లు వస్తారు?
☐ పిల్లల్ని పెద్దవాళ్లకు వేరుగా ఉంచుతారా?
☐ మిమ్మల్ని పక్కన ఉండనిస్తారా? 18 నిండనివాళ్లను చేర్చుకుంటే ఇంటివాళ్లు తోడుండటం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తప్పనిసరి.

"నెల రోజులు ఫోన్ కూడా చేయకండి, మేం చూసుకుంటాం" అన్నచోట గుమ్మంలోంచే వెనక్కి రండి. అలాంటి ఒకచోటి నుంచి వచ్చిన కుర్రాడు నా దగ్గర చదివాడు. మందు గురించి ఒక్క మాట చెప్పలేదు, మణికట్టు మీది మచ్చలు దాచుకోవడానికి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు.

11. మానేశాక మళ్లీ తాగితే

చాలామంది విషయంలో ఇది జరుగుతుంది. మొదటికొచ్చిందని కూలబడొద్దు. మళ్లీ ఎనిమిదో మెట్టు, తొమ్మిదో మెట్టు. ఈసారి ఒక్క ప్రశ్న అదనం: "ఆ రోజు మందు కంటే ముందు ఏం జరిగింది?" గొడవా, ఫలితాలా, పాత స్నేహితుడి ఫోనా, ఊరికే ఖాళీగా ఉండటమా? వాడు చెప్పింది ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. మూడుసార్లు రాసేసరికి ఏ రోజున, ఏ టైమ్‌కి వాణ్ణి ఒంటరిగా వదలకూడదో మీకే కనపడుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బుక్కు వెంట తీసుకెళ్లండి.